మంట అందని మూల

రోజూ పదకొండున్నరకల్లా ఖాజాగూడలో బాలమ్మ వంట ముగిసేది. అరవై టిఫిన్ డబ్బాలు పాత పెట్రోలు వ్యానులో సర్దుకుని కూతురు రేఖ మాదాపూర్‌లోని కంప్యూటర్ ఆఫీసుకు బయల్దేరేది. 1999 ఎండాకాలంలో ఆ వ్యాను దారిలోని గుట్ట ఎక్కడం మానేసింది. సగం ఎక్కి, నల్లటి పొగ వదిలి, ఆగిపోయేది. ఇంకొక్కసారి ఆలస్యమైతే వేరేవాళ్లను పెట్టుకుంటామని ఆఫీసువాళ్లు చెప్పేశారు.

తల్లీకూతుళ్లు వ్యానును చందానగర్‌లో నరసింహమూర్తి షెడ్డుకు తీసుకెళ్లారు. కాకినాడ నుంచి వచ్చి స్థిరపడిన మెకానిక్ ఆయన. స్పార్క్ ప్లగ్గు రంధ్రం గుండా ఇంజన్‌లోకి దిగి, మంట ఎలా మండుతోందో కళ్లారా చూసి వచ్చి బాగుచేసేవాడు. కానీ ఈ మధ్య పొట్ట వచ్చింది.

"నడుము దాకా దిగుతున్నానండీ, ఆపైన పట్టడం లేదు," అన్నాడు సిగ్గుపడుతూ.

"గట్లయితే నేను పోత సార్," అంది రేఖ.

"జర పైలం బిడ్డా. చున్నీ నడుముకు కట్టుకో," అంది బాలమ్మ.

మూర్తి ప్లగ్గు విప్పాడు. రేఖ కాళ్లు ముందు పెట్టి లోపలికి జారింది. ప్లగ్గు మళ్లీ బిగించి ఇంజన్ స్టార్ట్ చేశాడు. బాలమ్మ చేతిలో టీ చల్లారిపోయింది.

ఐదు నిమిషాలకు బయటికొచ్చిన రేఖ ముఖమంతా మసి. కళ్లు మాత్రం మెరుస్తున్నాయి.

"ప్లగ్గు కాడ మంట మంచిగనే అంటుకుంటున్నది సార్. గని అవతలి మూలకు పోకముందే ఆరిపోతున్నది. పెట్రోలంత ఆడనే మిగులుతున్నది."

"గాలి సుడి తిరుగుతోందా?"

"ఏడ తిరుగుతది? అది వచ్చే తొవ్వంత గడ్డలే!"

మూర్తి సిలిండర్ హెడ్డు విప్పాడు. గాలి వచ్చే దారిని రాపిడి పెట్టి నున్నగా చేశాడు. హెడ్డు అడుగు భాగాన్ని మెషీన్ మీద వెంట్రుకవాసి చెక్కించాడు. "ఇప్పుడా మూలలో పెట్రోలు దాక్కోవడానికి చోటుండదమ్మాయ్. పిస్టన్ పైకి రాగానే మంట దగ్గరికి పరుగెత్తాల్సిందే."

అన్నీ బిగించాక రేఖ మళ్లీ దిగింది. ఈసారి నవ్వుతూ బయటికొచ్చింది. "మూలమూలకు అంటుకుంటున్నది సార్! లోపల పండుగ లెక్కున్నది!"

మర్నాడు వ్యాను ఎక్కడా ఆగకుండా గుట్టెక్కేసింది. అప్పుడే భోజనాలా, ఇంకా ఆకలే వేయలేదన్నారు ఆఫీసువాళ్లు.

ఆదివారం మూర్తి ఖాజాగూడ వచ్చాడు. "బాలమ్మగారూ, అమ్మాయిని నాతో పంపండి. పనికి కాదు, భాగస్వామిగా."

"నేను చదివింది పదో తరగతే సార్," అంది రేఖ.

"ఇంజన్ లోపల సర్టిఫికెట్ ఎవరడుగుతారమ్మా?"

"మరి వ్యాను ఎవరు తోలాలె?" అంది బాలమ్మ.

"నువ్వే తోలమ్మ. నేర్పిస్త," అంది రేఖ.

బాలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది గానీ, పదిహేను రోజుల్లో నేర్చుకుంది.

వానలు మొదలయ్యాక ఒక ఆఫీసరు కారులో షెడ్డుకు వచ్చాడు. "మైలేజీ రావట్లేదు మూర్తిగారూ. ఎప్పుడు దిగి చూస్తారు?"

"నేను కాదండీ, మా ఇంజనీరుగారు చూస్తారు," అంటూ మూర్తి ప్లగ్గు విప్పి, పక్కకు జరిగి రేఖకు దారిచ్చాడు.