మా ఊరి మూడు చుక్కలు

నాకు కుదురు తక్కువ. కూర్చున్నచోట కూర్చోలేను, చేసిన పని రెండోసారి సరిచూసుకోలేను. ఈ గుణంతోనే 2004 జనవరిలో మా ఊరి నోటికాడి నీళ్ళు ఆపబోయాను.

కృష్ణా నది నీళ్ళు ఏ పొలం దాకా చేరుతున్నాయో ఉపగ్రహం తీసిన బొమ్మల్లో చూసి లెక్కగట్టడం గుంటూరులో మా ఆఫీసు పని. ఆ బొమ్మల్లో పచ్చని చెట్టు ఎర్రగా కనిపిస్తుంది. ఎంత పచ్చదనముంటే అంత ఎరుపు. అయితే ఆ ఎరుపు మిరపదో, పత్తిదో, వరిదో కంప్యూటరుకు తెలియదు. మేం ఊళ్ళు తిరిగి, ఫలానా చోట ఫలానా పంట, దానికి ఫలానా నీళ్ళు అని మ్యాపు మీద చుక్కలు పెట్టి చెప్పాలి. వాటిని చూసి నేర్చుకుని, మిగతా మ్యాపంతా అది నింపుకుంటుంది. నా వంతుకు నలభై చుక్కలు వచ్చాయి.

ఆ శుక్రవారం పొద్దున మా ఆఫీసు పెద్దాయన యలమందయ్యగారు తెర ముందు నిలబడి తెగ సంబరపడిపోయారు.

"చూశావా అనీసా, కాలవ చివరి ఊళ్ళు కూడా ఎర్రగా ఉన్నాయి. అదంతా మిరపేనంటోంది కంప్యూటరు. పంటకి నీళ్ళు అందుతున్నాయన్నమాట. ఆ చివరి ఊళ్ళకి ఇంకో తడి నీళ్ళు వదలక్కర్లేదని సోమవారం ఇంజనీర్లకి రాసిచ్చేద్దాం."

ఆ చివరి ఊళ్ళలో మాదీ ఒకటి. నాకూ సంబరంగానే ఉంది, మధ్యాహ్నం గౌస్ బాషా బాబాయి ఊళ్ళో ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసేదాకా.

"అమ్మాయ్, కాలవ ఎప్పుడు వదులుతారో నీకేమన్నా తెలుసా? ఈ నెల్లో ఒక్క తడన్నా పడకపోతే మిరపకాయ నిలవదు."

"నీళ్ళు అందుతున్నాయిగా బాబాయ్. మా బొమ్మలో మన పొలాల వైపంతా పచ్చగా ఉంది."



"ఎవరు చెప్పారే నీకు?"

ఫోన్ పెట్టేశాక కుర్చీలో నిలవలేకపోయాను. ఎవరు చెప్పారో నాకు తెలుసు. నేనే చెప్పాను. ముప్పై ఏడు చుక్కలు ఎండలో తిరిగి పెట్టాను గానీ, మా ఊరి మూడింటికి మాత్రం వెళ్ళలేదు. బస్సు దిగి ఐదు కిలోమీటర్లు నడవాలి. మా ఊరే కదా, నాకు తెలియదా అనుకున్నాను. చిన్నప్పుడు ఈతలు కొట్టిన కాలువ గట్టును మ్యాపులో పట్టుకుని, 'మిరప, కాలువ నీళ్ళు' అని ఆఫీసులోనే రాసి పారేశాను. ఫారంలో చూసిన తేదీ అన్నచోట నోటికొచ్చిన తేదీ వేశాను.

ఫారాలూ జీపీయస్సూ సంచిలో వేసుకుని బస్సెక్కాను. చిలకలూరిపేట దగ్గర పత్తి లారీల వెనక బస్సు ఆగిపోతే, దిగి పరిగెత్తుదామా అనిపించింది. పక్కావిడ నన్ను చూసి, "కడుపులో తిప్పుతోందా అమ్మా?" అంటూ కిటికీ సీటు ఇచ్చింది.

మా గట్టెక్కి చూస్తే నేను ఈదిన కాలువ జాడ లేదు. ఇటు చివర నుంచి అటు చివరికి మనిషెత్తు సర్కారు తుమ్మ. మూడేళ్ళుగా నీళ్ళు మా ఊరిదాకా రాకపోవడంతో కాలువ పొడుగునా, పక్కన బీళ్ళలోనూ అల్లుకుపోయింది. ఎంత కరువులోనైనా ఆకు వాడని చెట్టది. జీపీయస్‌లో అంకెలు నా ఫారంలోని అంకెలతో సరిపోయాయి. నా మూడు చుక్కలూ ముళ్ళకంపలోనే పడ్డాయి. తుమ్మను చూపించి కంప్యూటరుకు మిరప అని నేర్పాను. అది బుద్ధిగా నేర్చుకుని, తుమ్మ ఉన్న ప్రతి ఊళ్ళోనూ నీళ్ళున్నాయని చెప్పింది.

అవతల చేలో బాబాయీ, కరీమున్ పిన్నీ ట్యాంకరు నీళ్ళు బిందెలతో మోసి మొక్క మొక్కకీ పోస్తున్నారు. ఆకులు ముడుచుకుపోయి, చేలో మొక్కల కంటే నేలే ఎక్కువ కనిపిస్తోంది. జరిగింది చెప్పాను. బాబాయికి అర్థమైందో లేదో, ఫారం తీసుకుని చదివాడు.

"డిసెంబరు పద్దెనిమిది అని ఉంది. వచ్చావా ఆరోజు?"

పిన్ని బిందె దించేసింది. "ఊరిదాకా వచ్చి ఇంటికి రాకుండా ఎట్టా వెళ్ళబుద్దేసిందే నీకు?"

"అసలు రాలేదు పిన్నీ. ఊరికే రాశాను."

ఇద్దరూ నన్ను తిట్టి ఉంటే బాగుండేది. "అయితే కంపకి కాలవ నీళ్ళు పెట్టుకుంటున్నామని రాశావన్నమాట," అన్నాడు బాబాయి, అంతే. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

బూత్ నుంచి యలమందయ్యగారికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన మంచాయన. "కంగారు పడకు. కంప్యూటరు మోడల్ పొరబడి ఉండొచ్చని మ్యాపు కింద ఒక మాట చేరుద్దాంలే," అన్నారు.

"అప్పుడు మ్యాపు వెళ్ళిపోతుందిగా అండీ?"

"వెళ్తుంది. చుక్కలే దొంగవని రాస్తే ఆపాలి. కానీ ఆ తర్వాత నీ కాంట్రాక్టు నా చేతుల్లో ఉండదమ్మా."

"మోడల్ పొరబడలేదండి. నేను చూడకుండా రాశాను. ఆపేయండి."

శని, ఆదివారాలు ఇద్దరం కూర్చుని మ్యాపు మళ్ళీ చేశాం. పద్నాలుగు ఊళ్ళు నీళ్ళు అందని లెక్కలోకి వచ్చాయి. కంప కొట్టుకుంటే ఒక తడి వదులుతామని ఇంజనీర్లు ఒప్పుకున్నారు. నా కాంట్రాక్టు మాత్రం ఆ నెలాఖరుతో సరి అన్నారు. ఊరంతా గొడ్డళ్ళు పట్టింది. నేనూ సెలవు పెట్టి వెళ్ళాను. నా అరచేతుల్లో దిగిన ముళ్ళు పిన్ని పిన్నీసుతో తీస్తూ, అప్పుడు తిట్టింది, కడుపునిండా.

ఆఖరి పనిగా ఆ మూడు చుక్కలూ మళ్ళీ నింపి ఇవ్వాలి. నీళ్ళు వదిలిన మూడో రోజు చేను గట్టు మీద ఫారం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. తేదీ వేశాను, మిరప అని రాశాను, నీళ్ళ గడి దగ్గర ఆగాను. కాలువ పై మలుపు దగ్గర ఎవరో కేక పెట్టారు, వస్తున్నాయ్ వస్తున్నాయ్ అని.

"రాసెయ్యవే, వచ్చేస్తున్నాయిగా!" అంది పిన్ని.

"మన చేలోకి రానీ పిన్నీ," అన్నాను. పెన్నుకి మూత పెట్టేసి, నా జన్మలో మొదటిసారి, ఎక్కడికీ కదలకుండా కూర్చున్నాను.