మేస్త్రి చేసిన నువ్వుల ముద్ద

మేస్త్రికి గోడ కట్టడం వచ్చు, గచ్చు చెయ్యడం వచ్చు. నోరు అదుపులో పెట్టుకోవడం మాత్రం రాదు. నోట్లో నువ్వుగింజ నానని మనిషి. అక్కకి పళ్ళన్నీ తీయించిన సంగతి ఆసుపత్రి నుంచి ఇల్లు చేరేలోపే వీధంతా చాటేశాడు. మర్నాడు ఎదురింటావిడ గుమ్మంలోకొచ్చి, "ఏదీ, ఓసారి నోరు తెరువు, చూద్దాం" అంది. అంతే, అక్క గదిలోకెళ్ళి తలుపేసుకుంది.

తల్లి లేని తమ్ముణ్ణి పెంచి పెద్దచేసిన మనిషి. చిగుళ్ళు మానినా పాలు తప్ప ఏమీ ముట్టడం లేదు. ఎవరు కనబడినా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. చిక్కి సగమైపోయింది. అదంతా తన వల్లేనని మేస్త్రికి తెలుసు.

"ఏం తింటావో చెప్పక్కా" అని తలుపు దగ్గర బతిమాలాడు. లోపల్నుంచి, "నువ్వుల ముద్ద, జారుగా నూరింది" అని వినబడింది.

భార్య చేస్తానంటే వద్దన్నాడు. "చెడగొట్టింది నేను, చేసేదీ నేనే" అన్నాడు. నువ్వులు సన్న సెగ మీద దోరగా వేయించి, చల్లారాక మిక్సీలో వేశాడు. ముందు పొడి అయింది. ఇంకాస్త తిప్పేసరికి గట్టిపడి మిక్సీ జార్ అంచులకి అతుక్కుంది. గట్టిపడ్డ సిమెంటు మాలుని దారికి తేవడం అతనికి వెన్నతో పెట్టిన విద్య. దీనికీ అలాగే కాసిని నీళ్ళు పోశాడు. ముద్ద బిగుసుకుపోయింది. మిక్సీ కుయ్యో మొర్రో అని ఆగిపోయింది.

గది తలుపు తెరుచుకుంది. అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వంటింట్లోకొచ్చింది.

"నీళ్ళు పోశావట్రా?"

"గట్టిపడిపోయింది కదక్కా!"

"ఇదేమైనా గోడనుకున్నావా? నూనె నువ్వుల్లోనే ఉంది. ఓపిగ్గా తిప్పితే అదే వదులుతుంది. తప్పుకో."

మిగిలిన నువ్వులు ఒంటిచేత్తోనే వేయించింది. మేస్త్రి జార్ కడిగి, పొడిగుడ్డతో తుడిచిచ్చాడు. ఆ పాత మిక్సీకి ఒక చెయ్యి మూత నొక్కిపట్టాలి, ఇంకో చెయ్యి జార్ పట్టుకోవాలి. అతను ముందుకొచ్చాడు.

"తడిచేతులతో దగ్గరికి రాకు!"

అక్క ఒక్క క్షణం తటపటాయించింది. తర్వాత నోటి మీంచి చెయ్యి తీసేసి మూత పట్టుకుంది.

బుగ్గలు లోపలికి పోయాయి. పెదవులు ముడుచుకుపోయాయి. మేస్త్రికి ఏడుపు ముంచుకొచ్చింది. అక్క మాత్రం తిప్పుతూ, ఆపుతూ, అంచులు గీకుతూ, మిక్సీ మోతని మించి అతన్ని తిడుతూనే ఉంది. చివరికి నూనె వదిలి ముద్ద జారుగా, నిగనిగలాడుతూ తిరిగింది. చిటికెడు ఉప్పు వేసి, వేలితో తీసి నాకి చూసింది.

వేయించిన సెగకి వంటిల్లు ఉక్కగా ఉంది. ముద్ద గిన్నెలోకి తీసుకుని, "ఆ వీధిగుమ్మంలో కుర్చీ వెయ్యరా, కాస్త గాలి తగులుతుంది" అంది.

"అక్కడైతే అందరూ చూస్తారక్కా" అన్నాడు మెల్లిగా.

"చూడనీరా. నాకు ఆకలేస్తోంది."