ఆ సి దేని మీద ఆధారపడుతుంది?

నేను ఒక డస్టర్ని. చెరపడం నా ఉద్యోగం, మరిచిపోవడం కాదు. పరీక్షహాలు తలుపు కోయగా మిగిలిన టేకుముక్కకు పాత కంబళి బిగించి, యూనివర్సిటీ వడ్రంగి అప్పలకొండ నన్ను చేశాడు. ఫిజిక్సు వాళ్లు ఎత్తుకుపోతారని వీపు మీద "గణితం" అని ఉలితో చెక్కాడు. అయినా రెండుసార్లు ఎత్తుకుపోయారు.

అప్పట్లో నా కొలువు గణితశాఖ సెమినార్ గదిలో. ప్రతి బుధవారం మూడింటికి అనాలిసిస్ ప్రసంగం. అర్థమైంది తక్కువ, మింగిన సుద్దపొడి ఎక్కువ. ఈ అనాలిసిస్ వాళ్లకు "సి" అని ఒక స్థిరాంకం ఉంటుంది. పేరుకే స్థిరాంకం, వరుస వరుసకీ విలువ మారుతుంది. మారిన ప్రతిసారీ మళ్లీ అదే పేరు పెడతారు, మొహమాటపడరు. పట్టింపల్లా ఒక్కటే: "ఎన్" అనే సంఖ్య ఎంత పెరిగినా ఆ సి మాత్రం పెరగకూడదు. పెరిగితే సిద్ధాంతం కూలినట్టే.

దాంతో ఒక ఆచారం పుట్టింది. ప్రొఫెసర్ భుజంగరావుగారు ముందు వరుసలో కూర్చుని ఐదో నిమిషానికల్లా కళ్లు మూస్తారు. చప్పట్లకు లేచి, "ఆ సి దేని మీద ఆధారపడుతుంది?" అంటారు. ప్రసంగించినవాళ్లు "ఎన్ మీద కాదు సార్" అనాలి. "గుడ్" అంటారు. ఆ మాట కోసమే తలుపు బయట కాచుకున్న ప్యూను సింహాచలం టీ తెస్తాడు. ఏ ప్రసంగానికైనా ఇదే తంతు.

ఆ ప్రశ్న ఎందుకో నాకొక్కదానికే తెలుసు. అప్పటికి ఇరవై రెండేళ్ల కిందట ఆయన తన సిద్ధాంతం చెబుతూ, బోర్డు అంచున "సి ఎన్ మీద ఆధారపడుతుంది" అని చిన్నగా రాశారు. రాసి, ఒక క్షణం చూసి, నాతో తుడిచేశారు. చివర వాళ్ల గైడు ఇదే ప్రశ్న అడిగితే "ఎన్ మీద కాదండి" అన్నారు. ఆ జవాబుతోనే డాక్టరయ్యారు.

ఇక రమీజా. నేను చెప్పబోయే బుధవారం నాటికి ఏడేళ్లుగా ఆయన దగ్గరే పరిశోధన. ఆ నెలాఖరులోగా థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. ఇచ్చేముందు ఆఖరి ప్రసంగం ఆ బుధవారమే. పాపం, ఆమె చేతి చెమటకు నా కంబళి తడిసింది.

మొదటి బోర్డు మీద "ఎన్‌ను కదలనివ్వం" అని రాసి సి తెచ్చింది. బోర్డు నిండగానే నాతో చెరిపింది. బోర్డు మూడోసారి నింపేటప్పటికి అదే సి పట్టుకుని ఎన్‌ను అనంతం దాకా తోలేసింది. ఆ పొరపాటు ఎవరూ చూడలేదు. ఆఖరి వరుసలో ఆమె సుద్ద ఆగింది. నా వైపు చూసింది. మొదటి బోర్డంతా నా ఒంటి మీద పొడిగా ఉంది.

చప్పట్లు. భుజంగరావుగారు లేచారు. "ఆ సి దేని మీద ఆధారపడుతుంది?"

"ఎన్ మీద సార్."

"గు..." అనబోయి ఆగారు. "ఏంటమ్మా?"

"మొదట్లో ఎన్‌ని కట్టేసి సి తెచ్చాను సార్. చెరిపేశాక ఆ సంగతే మర్చిపోయాను. సిద్ధాంతం నిలబడదు సార్."

వెనక నుంచి రీడరు కామేశ్వరంగారు, "నెలాఖరొచ్చేసింది, గుడ్ అనేద్దురూ, టీ చల్లారిపోతోంది" అన్నారు.

భుజంగరావుగారు బోర్డు దగ్గరికొచ్చి నన్ను చేతిలోకి తీసుకున్నారు. మళ్లీ తుడిపిస్తారనే అనుకున్నాను.

"ఈ మాట ఇక్కడే నిలబడి నేనూ చెప్పాల్సింది. చెప్పలేదు, చెరిపేశాను" అన్నారు, గదంతా వినేటట్టు. తర్వాత రమీజాతో, "గడువు సంగతి రిజిస్ట్రారుతో నే మాట్లాడతాను. ఇది సరిచేసేదాకా ఈ బోర్డు ఎవరూ ముట్టుకోడానికి వీల్లేదు" అని నన్ను తన కారియర్ సంచిలో పడేసుకున్నారు.

గడువు మూడు నెలలు దొరికింది. నేను పంతొమ్మిది రోజులు గోంగూర వాసనలో ఉన్నాను. ఇరవయ్యో రోజు రమీజా అదే బోర్డు ముందు, సి పెరిగినా ఎంత మెల్లగా పెరుగుతుందో లెక్కకట్టి చూపించింది. సిద్ధాంతం కాస్త చిక్కింది, కానీ బతికింది. "గుడ్" అన్నారాయన. సింహాచలం టీ తెచ్చాడు. ఆమె టీ పట్టుకుని ఏడ్చింది.

ఇప్పుడా గదిలో తెల్లబోర్డు. నన్ను పాత థీసిసుల బీరువాలో పెట్టారు. ఒక పక్క రమీజాది, ఒక పక్క భుజంగరావుగారిది. రిటైరయ్యే రోజు ఆయనొచ్చి తన థీసిస్ తీసి, నలభై ఒకటో పేజీలో ఒక చీటీ అంటించి వెళ్లారు. "సి ఎన్ మీద ఆధారపడుతుంది" అని ఆయన చేతిరాత.

ఆ మాట నేనొకసారి తుడిచాను. ఈసారి తుడవమని ఆయన నన్ను అడగలేదు.