కుర్మయ్య చప్పుడు

ఇనుప మూత మీద రాడ్డుతో టంగ్ టంగుమని కొట్టి, కుర్మయ్య కాసేపు ఆగాడు.

వాల్వు తిప్పడానికి ఆ చప్పుడుతో పనేమీ లేదు. మూత ఎత్తి, గుంతలోకి రాడ్డు దించి, రెండు చేతులా తిప్పితే చాలు, నీళ్లు వాటి దారిన అవి పోతాయి. శంషాబాద్‌లో తన కింద ఉన్న మిగతా గల్లీలన్నింటిలో ఆయన చేసేది అంతే. ఈ చివరి గల్లీలో మాత్రం ముందు చప్పుడు చేస్తాడు, తాపీగా బీడీ ముట్టిస్తాడు, ఎవరో పిలిచినట్టు అటు తిరిగి నిలబడతాడు. ఆ కాస్త వ్యవధిలో మూల మీది రేకుల ఇంట్లోంచి పాండు వెనక గోడ దూకి పారిపోవాలి. అదీ ఏర్పాటు. ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుని చేసుకున్న ఏర్పాటు కాదు. మాట్లాడుకునే వీలే ఉంటే ఇంత తతంగం ఎందుకు?

కుర్మయ్య బక్కపలుచని మనిషి. ఏళ్ల తరబడి రాడ్డు మోసీ మోసీ కుడి భుజం కాస్త కిందికి దిగింది. అరచేతులు గట్టిపడి బండబారాయి. పంచాయతీ నాటి నుంచీ నీళ్లు వదిలే కొలువే. పంచాయతీ పోయి మున్సిపాలిటీ వచ్చింది, ఎదురుగా పొలాలు పోయి విమానాలు వచ్చాయి, కుర్మయ్య మాత్రం అదే రాడ్డు పట్టుకుని అవే గుంతల్లోకి వంగుతున్నాడు. ఆ చుట్టుపక్కల గల్లీలన్నింటికీ సర్కారు జీతగాడు ఆయనొక్కడే. చిట్టీ కంపెనీల వాళ్లకేమో షూరిటీ అంటే సర్కారు జీతగాడే కావాలి. అందుకని ఎవరు చిట్టీ ఎత్తుకున్నా "చాయ్ తాగుదాం రా అన్నా" అంటూ కుర్మయ్య భుజం మీద చెయ్యి వేసేవారు. ఆయన చాయ్ తాగి సంతకం పెట్టేవాడు. అడిగిన వాడికి నీళ్లు లేవనడం చేతకాని మనిషి సంతకం మాత్రం లేదంటాడా?

అందరూ బుద్ధిగానే కట్టుకున్నారు, ఒక్క పాండు తప్ప. పాపం, వాడిది తప్పనడానికీ లేదు. చిట్టీ డబ్బుతో పాత కారు కొని ఎయిర్‌పోర్టుకు తిప్పుకుంటున్నాడు. భార్య భాగ్యలక్ష్మికి ఆపరేషన్ అయింది, ఆ వెనకే కారు ఇంజను పోయింది, కిస్తీలు ఆగాయి. కంపెనీ కోర్టుకెక్కి ముందు పాండు బ్యాంకు ఖాతాను ఆపించింది. ప్యాసింజర్లు ఫోనులో కొట్టిన కిరాయి బావిలో పడ్డ చెంబులా అందులోనే ఉండిపోయేది. కనిపిస్తుంది, చేతికి రాదు. ఆ తర్వాత షూరిటీ మీదికి వచ్చారు. అప్పటి నుంచి నెలనెలా కుర్మయ్య జీతం చేతికి రాకముందే అందులో కోత పడుతోంది.

కోపం రాలేదా అంటే, ఎందుకు రాలేదు? మొదటిసారి కోత పడ్డ రోజున ఈ రాడ్డు పట్టుకునే పాండు ఇంటి మీదికి పోయాడు. తీరా చూస్తే గడప ముందు చెప్పులున్నాయి, మనిషి లేడు. ఇంటి వెనక, దూకిన దెబ్బకు కాలు బెణికి, ఉత్త కాళ్లతో కుంటుకుంటూ తుమ్మ చెట్ల వైపు పోతున్నాడు. ఇప్పుడు విమానాలు దిగే చోట ఒకప్పుడు ఇద్దరూ కలిసి మేకలు కాశారు. తనకంటే చిన్నవాడు, ముల్లు గుచ్చుకుంటే "అన్నా" అని ఏడుస్తూ తన వీపెక్కినవాడు. వాడిప్పుడు తనను చూసి ముళ్లలో పడి పోతున్నాడు! కుర్మయ్యకు ముందు నవ్వొచ్చింది, తర్వాత రాడ్డు భుజాన వేసుకుని వెనక్కి తిరిగాడు. ఆ మర్నాటి నుంచి ముందుగా చప్పుడు చేయడం మొదలుపెట్టాడు, మెల్లగా పోనీ, కాళ్లు విరగ్గొట్టుకోవద్దని.

చప్పుడయ్యాక ఓసారి ఆ గడప వైపు చూడటం అలవాటు. గోధుమరంగు చెప్పులు, ఎడమదానికి పట్టీ తెగితే నీలం దారంతో వేసిన కుట్టు. అవి కనిపిస్తే చాలు, కుర్మయ్యకు నిమ్మళం. మనిషి ఉన్నాడు, బాగున్నాడు.

ఇవాళ చెప్పులు లేవు. కారూ లేదు.

కుళాయి దగ్గర బిందెలు వరసగా పెట్టుకున్న ఈరమ్మ, బీడీ మొత్తం కాలిపోయినా కదలని కుర్మయ్యను చూసి, పెండ్లాం కోసం కూడా ఇంతగా ఎదురుచూడవు గదా అని ఎగతాళి చేసింది. ఆడవాళ్లందరూ నవ్వారు. కుర్మయ్యా నవ్వి వాల్వు తిప్పాడు. గల్లీ చివరి ఇల్లు కాబట్టి పాండు ఇంటికి నీళ్లు సన్నగా వస్తాయని ఇక్కడ ఇంకాసేపు ఎక్కువే వదులుతాడు. ఈ సంగతి ఇంట్లో ముత్తమ్మకు తెలిస్తే ఆయన గతేమిటో ఆయనకే తెలుసు.

భాగ్యలక్ష్మి తలవంచుకుని బిందె ఎత్తుకుంది. కోత మొదలయ్యాక ఆమె కుర్మయ్యతో మాట్లాడింది లేదు. ఇవాళ మాత్రం రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"అన్నా, పొద్దుగాల చీకట్లనే కారు తీస్కొని పోయిండు. ఫోన్ బందున్నది. ఏం పనో చెప్పలె. నాకు బుగులైతున్నది."

ఏం కాదులే, వస్తాడులే అని ఆయన ధైర్యం చెప్పాడు. చెప్పినంత సేపు బాగానే ఉంది. ఆ పైన ఆ ధైర్యం తనకే చాల్లేదు. అప్పుల్లో మునిగిన మగవాళ్ల గురించి పేపర్లో వచ్చే వార్తలు ఆయనా చదువుతాడు. పైగా ఆ అప్పు కాగితం మీద ఉన్నది తన సంతకమే.

మున్సిపాలిటీ ఆఫీసులో జీతాలు చూసే శిరీష నవ్వు మొహంతో ఎదురొచ్చింది. ఈ నెల నుంచి కోత లేదని, చిట్టీ బాకీ మొత్తం తీరిపోయిందని కంపెనీ వాళ్లే కోర్టులో ఒప్పుకుని కోత తీయించారని చెప్పింది. ఎవరు కట్టారని కుర్మయ్య అడిగాడు. చిట్టీ ఎత్తుకున్నాయనే, ఒక్కసారిగా, అంది శిరీష. మిఠాయి ఎప్పుడు పెడతారని కూడా అడిగింది. కుర్మయ్య అక్కడే బల్ల మీద కూలబడ్డాడు. శుభవార్త చెబితే మొహం అలా పెడతారేంటని ఆ పిల్ల చిన్నబుచ్చుకుంది.

ఒక్కసారిగా కట్టాలంటే పాండు దగ్గర ఏముంది, ఆ కారు తప్ప? అదీ అమ్మేసుకున్న పాండు చీకట్లో ఎక్కడికి పోయినట్టు? బాకీలన్నీ తీర్చి, ఎవరికీ ఏమీ కాకుండా, ఒక్కడే...

కుర్మయ్య మోపెడ్‌కు రాడ్డు కట్టుకుని హడావిడిగా బయల్దేరాడు. ఎయిర్‌పోర్టు రోడ్డు పక్కన కార్లు ఆపుకుని డ్రైవర్లు బేరాల కోసం చూసే జాగాకు పోతే, అక్కడ శేఖర్ కనిపించాడు. పాండుకు తోటి డ్రైవరు. పాండు వారం కిందటే బుద్వేల్ ఆయనకు కారు అమ్మేసి డబ్బు తీసుకున్నాడని, ఇవాళ తెల్లారగట్ల తాళాలు చేతికిచ్చి, స్టీరింగును కళ్లకద్దుకుని, నడుచుకుంటూ పోయాడని చెప్పాడు. ఎటు పోయాడో తెలియదన్నాడు. మామిడిపల్లిలో పాండు మేనమామ ఇంటికి పోతే అక్కడా లేడు. పహాడీ షరీఫ్ దాకా పోయి దర్గా గుట్ట కింద హోటళ్లన్నీ వెతికాడు. ఎండ నెత్తిమీదికొచ్చింది. తల మీదుగా విమానాలు దిగుతూనే ఉన్నాయి. దేశాలు దాటి పోయినవాళ్లందరూ క్షేమంగా వచ్చి దిగుతుంటే, పక్క గల్లీ వాడు ఏమయ్యాడో తెలియకపోవడం కుర్మయ్యకు గొప్ప అన్యాయంగా తోచింది. దారి పొడవునా పాండును తిట్టాడు. దొరికితే నాలుగు పీకుతా, ముందు దొరకనీ దేవుడా అనుకున్నాడు.

ఇక పోలీసు స్టేషనుకే పోవాలి, ముత్తమ్మకు ఒక మాట చెప్పి పోదామని ఇంటికొచ్చి మోపెడ్ ఆపాడు. ఆపినవాడు ఆపినట్టే నిలబడిపోయాడు.

తన గడప ముందు గోధుమరంగు చెప్పులు. ఎడమదానికి నీలం దారం కుట్టు.

కుర్మయ్య దగ్గరికి వంగి చూశాడు. కళ్లు మూసుకుని తెరిచి మళ్లీ చూశాడు. అవే. అప్పుడు, ఏం చేస్తున్నాడో తనకే తెలియకుండా, మోపెడ్ నుంచి రాడ్డు ఊడదీసి గడప బండ మీద టంగ్ టంగుమని కొట్టాడు. కొట్టి అటు తిరిగి నిలబడ్డాడు కూడా.

లోపలి నుంచి పాండు గొంతు వినిపించింది.

"అన్నా, ఇయ్యాల దాక్కుంటలేను. లోపటికి రా."

లోపల పీట మీద పాండు, ముందు కంచం, కంచంలో కోడికూర. పొద్దున్నే చంకలో నాటుకోడితో వచ్చి, అన్న వచ్చేదాకా ఎవరికీ చెప్పొద్దన్నాడట. వాడు దొరికితే కళ్లలో కారం కొడతానని రోజూ శపించిన ముత్తమ్మ, ఏరి ఏరి కాలు ముక్క వాడి కంచంలో వేస్తూ, ఎంత చిక్కిపోయావురా అని వాడినే తిడుతోంది.

"కారెందుకు అమ్మినవ్‌రా? నన్నొక్క మాట అడగొద్దా?" అన్నాడు కుర్మయ్య. నాలుగు పీకే సంగతి గుర్తే రాలేదు.

"అడిగితే అమ్మనిస్తుంటివా?"

కుర్మయ్య ఇంకో పీట లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. పాండు అన్నంలో వేళ్లు ఆపి, తల ఎత్తకుండానే చెప్పాడు.

"నువ్వు మూత మీద కొట్టుడు నాకోసమే అని ఎరుకనే అన్నా. మొదాలు నుంచే ఎరుక. తిడితే పడుతుంటి. కొట్టినా పడుతుంటి. నువ్వేమో బీడీ తాగుకుంట అటు దిక్కు తిరిగి నిలబడుతుంటివి. గది సూసి సూసి ఇగ నాతోని కాలె."

కుర్మయ్య భుజం మీది తువాలుతో కళ్లు తుడుచుకుని, కూరలో కారం ఎక్కువైందని ముత్తమ్మను కసిరాడు. నువ్వింకా ముద్ద నోట్లో పెట్టనేలేదు గదా అంది ముత్తమ్మ. ముగ్గురూ పొట్టలు చెక్కలయ్యేలా నవ్వారు. కబురందుకుని భాగ్యలక్ష్మి పరుగున వచ్చి మొగుణ్ని చూసి ఏడ్చింది, ఆ ఏడుపుతోనే నవ్వు అందుకుంది. చాలా కాలం తర్వాత ఆ ఇంట్లో అన్నం గిన్నె అడుగు దాకా ఖాళీ అయింది.

సాయంత్రం గల్లీ మొదట్లో లారీ హారన్ మోగింది. ఎయిర్‌పోర్టు పక్క గోదాముల నుంచి ముంబైకి మందుల పెట్టెలు తోలే లారీ. పాండు దానికి డ్రైవరుగా కుదిరాడు. పోతే మళ్లీ ఎన్నాళ్లకు వస్తాడో లారీ వాళ్లకే తెలియాలి. భాగ్యలక్ష్మిని కనిపెట్టుకుని ఉండమని అన్నకు చెప్పాడు. ఎప్పటికైనా మళ్లీ కారు కొంటానని కూడా అన్నాడు. సంతకం మాట ఎత్తితే గరిటె విరుగుతుందని వంటింట్లోంచే హెచ్చరించింది ముత్తమ్మ. కుర్మయ్య పాండు చెవి దగ్గరికి వంగి, పెన్ను నువ్వే తెచ్చుకోరా అని గొణిగాడు. హారన్ మళ్లీ మోగింది. పాండు నవ్వుతూనే దొరికిన చెప్పుల్లో కాళ్లు దూర్చి, బట్టల సంచి భుజాన వేసుకుని ఉరికాడు. లారీ మలుపు తిరిగేదాకా భాగ్యలక్ష్మి చెయ్యి ఊపుతూనే ఉంది.

సందు చివరిదాకా పోయి చూద్దామని కుర్మయ్య గడప దిగి, కాలితో తన చెప్పుల కోసం తడిమాడు. అవి లేవు. అవి అప్పుడే ముంబై దారి పట్టాయి. విషయం అర్థమై ఆయన ఒక్కడే పెద్దగా నవ్వాడు. కుక్కలు ఎత్తుకుపోతాయి, ఆ పాతవి లోపల పెట్టనా అని ముత్తమ్మ అడిగింది. వద్దు, అట్లనే ఉండనీ, వాటికోసం వస్తాడు అన్నాడు. ఆమెకెందుకో ఎదురు చెప్పబుద్ధి కాలేదు.

గోడకు ఆనించిన రాడ్డు పక్కన, నీలం దారం కుట్టుతో ఆ చెప్పులు, పొద్దున పాండు విప్పినప్పటిలాగే, ఇంటి లోపలి వైపుకే తిరిగి ఉన్నాయి.