మృత్యువు వేషం

గోదావరిఖనిల బొగ్గుబాయి కార్మికులు ఆడుతున్న నాటకంల మొగిలిది మృత్యువు వేషం. నిద్రపోయేటోళ్ల కలలల్లకు వచ్చి, పేరుపెట్టి పిలిచి తీస్కపోతడు. రిహార్సల్ చూసినోళ్లు ఆ గొంతుకు జడుసుకున్నరు.

మంచంల పడ్డ పక్కింటి నాగవ్వను చూడవోతే, ఆమె బిడ్డ స్వరూప గడపల అడ్డం నిలబడ్డది.

"నాటకం అయ్యేదాక రాకు మొగిలన్నా. ఏమనుకోకు."

"రానీయే," అని లోపలినుంచి నాగవ్వ అన్నది. అతన్ని దగ్గర కూసోబెట్టుకున్నది. "నాటకంల పిలిచినట్టు నన్నొకసారి పిలువు బిడ్డా."

"గదెందుకు పెద్దవ్వా?"

"భయం పోతదేమోనని."

మొగిలి మెల్లగ పిలిచిండు.

"గింతేనా," అన్నది గని, నాగవ్వ అతని చెయ్యి గట్టిగ పట్టుకొని చానసేపు ఇడువలే.

ఆదివారం నాటకంల పేరు పిలిచేకాడ, మొగిలి పిలువకుండ నాగవ్వ పట్టుకున్న చెయ్యి దిక్కు చూసుకుంట స్టేజీ మీద నిలబడ్డడు. తెర ఎనుకనుంచి ఇంకొకలు పిలిచిండ్రు.