పచ్చబడని చోటు

గోడలకు చెవులుంటాయని లోకం అంటుంది. వైఫై పెట్టేవాళ్ళనడిగితే నోళ్ళు కూడా ఉంటాయంటారు. ఇటుక గోడ సిగ్నల్‌ను కొంచెం మింగుతుంది, కాంక్రీటు గోడ ఎక్కువ మింగుతుంది. పదేళ్ళుగా ఇదే పనిలో ఉన్న తిరుమలేశ్ గోడను ఒక్కసారి తట్టి, అది ఎంత తింటుందో చెప్పగలడు.

ఫిల్మ్‌నగర్‌లోని ఆ మేడ గోడలను మాత్రం అతను ఎన్నడూ తట్టలేదు. గేటు దాటి లోపలికి రావడం ఇదే మొదటిసారి. పదకొండేళ్ళ కిందట అది డాన్సు రిహార్సల్ హాలు. అక్క భువన గ్రూప్ డాన్సర్. యూసుఫ్‌గూడ నుంచి రోజూ బండి మీద తెచ్చి గేటు దగ్గర దింపేది తిరుమలేశే. చివరి రోజు ఆమె ఒళ్ళు కాలిపోతోంది.

"ఇయ్యాల నాతోని కాదురా. ఇంటికి పోదాం," అంది.

"నాగా పెడితే నీ జాగల ఇంకో పిల్లను నిలబెడ్తరు. దిగు జల్ది, నాకు లేటైతుంది," అన్నాడు.

దిగింది. మధ్యాహ్నానికి హాల్లోనే కుప్పకూలింది. ఆస్పత్రికి చేరేసరికే ప్రాణం పోయింది. తల్లి రాజమ్మ పరుగున వచ్చి ముందు చూసింది బిడ్డ నుదురు. బొట్టు లేదు. పెళ్ళికాని పిల్ల బొట్టు ఎవరు తుడిచారని ఆ రోజు కనిపించినవాళ్ళందరినీ అడిగింది. ఇప్పటికీ అన్నం ముందు కూర్చుని అదే అడుగుతుంది. జ్వరంతో ఉన్నదాన్ని బలవంతంగా దింపిన సంగతి తిరుమలేశ్ ఆమెకు ఇంతవరకు చెప్పలేదు.

ఇప్పుడా హాలు సినిమా గ్రాఫిక్స్ ఆఫీసు అయింది, అక్కడ వైఫై పెట్టే పని తిరిగి తిరిగి అతనికే తగిలింది. రానంటే కారణం చెప్పాలి. కారణం చెప్పడం కంటే రావడమే తేలికనిపించింది.

"నాలుగింటికి మా టీమ్ వస్తుందండీ," అంది ఆఫీసు మేనేజర్ శ్రీనిధి. "హాల్ మొత్తం గ్రీన్ చూపిస్తే రిపోర్ట్ మీద సైన్ చేసేస్తాను."

తిరుమలేశ్ సీలింగుకు యాక్సెస్ పాయింటు, అంటే వైఫై డబ్బా, బిగించి, ట్యాబ్ పట్టుకుని హాలంతా నడిచాడు. నడిచినకొద్దీ, సిగ్నల్ అందినచోటల్లా తెర మీద హాలు పటం పచ్చబడుతూ వచ్చింది. ఎడమ గోడ పక్కన ఒక్కచోట ఎర్రగా మిగిలింది. సరిగ్గా ఒక మనిషి నిలబడేంత చోటు.

"ఈ గోడల ఏముంది తాతా?" అని వాచ్‌మన్ వీరయ్యను అడిగాడు.

"అద్దాలు బిడ్డా, డాన్సోళ్ళయి. పగలగొడితే అరిష్టమని పైనుంచి బోర్డు కొట్టిన్రు."

తిరుమలేశ్‌కు ప్రాణం లేచొచ్చింది. అద్దం వెనక పూత సిగ్నల్‌ను తిప్పికొడుతుంది. నేరుగా వచ్చిన అల, తిరిగొచ్చిన అల ఒకచోట ఎదురుపడి ఒకదాన్నొకటి చంపుకుంటాయి. దానికి మందు ఉంది. డబ్బాను రెండడుగులు జరిపితే ఎర్ర మచ్చ కూడా జరుగుతుంది.

జరిపాడు. మచ్చ జరగలేదు. ఎదుటి గోడకు మార్చి చూశాడు. ట్యాబ్ ఆపి మళ్ళీ మొదలుపెట్టి నడిచాడు. హాలంతా పచ్చని వరిమడిలా ఉంది, ఆ ఒక్కచోటు తప్ప. అది అంగుళం కూడా కదల్లేదు. పదేళ్ళలో అలాంటిది అతను చూడలేదు.

వీరయ్య తెరలోకి తొంగిచూశాడు. "గాడ మూడో వరుసల ఆఖరి పిల్ల నిలబడేది. నిలబడ్డకాడనే పడ్డది, పాపం. పేరు యాదికొస్తలేదు."

పేరు తిరుమలేశ్ గొంతు దాకా వచ్చి ఆగింది. భయం వేసింది. భయం కంటే ఎక్కువ సిగ్గు వేసింది.

ఇక ఆ గోడకే రెండో డబ్బా పెట్టాలి. వైరు కోసం బోర్డును అరచేయంత చదరంగా కోసి, ముక్క ఊడదీశాడు. లోపల అద్దం, దుమ్ము. వేలితో తుడిస్తే బొట్టుబిళ్ళ కనబడింది. పెద్ద మెరూన్ బిళ్ళ, దాని మీద చిన్న నల్ల బిళ్ళ. అలా రెండు కలిపి పెట్టుకునేది అతనికి తెలిసి ఒక్కతే.

చెమటకు జారిపోతుందని పాటకు ముందు తీసి అద్దానికి అంటించుకుంది. పాట అయ్యాక పెట్టుకుందామనుకుంది.

అతను మోకాళ్ళు వంచాడు. అద్దంలో బిళ్ళ సరిగ్గా అతని నుదుటి మీదికి వచ్చింది. కింద అవే కనుబొమలు, అవే కళ్ళు. ఇద్దరివీ ఒకే పోలికలని చిన్నప్పుడు వాడంతా అనేది. అక్క అతని వైపే చూస్తోంది. కోపంగా లేదు, అలసటగా ఉంది. దిగనా అని అడుగుతున్నట్టే ఉంది.

అక్కడే కూర్చుని ఫోన్ చేశాడు. "అమ్మా, అక్క బొట్టు ఎవ్వరు తుడవలే. తనే తీసి అద్దానికి పెట్టుకుంది. దొరికింది." పదకొండేళ్ళు మింగిన మాట కూడా కక్కేశాడు. "ఆ దినం చాతనైతలేదన్నదమ్మా. ఇంటికి పోదామన్నది. నేనే దింపిన."

అవతల రాజమ్మ తిట్టలేదు, ఏడవలేదు. ఆ మాట విన్నదో లేదో కూడా తెలియలేదు.

"బిళ్ళ తియ్యకు," అంది. "మళ్ళ పెట్టుకునేటందుకే అంటించింది గదా. గాడనే ఉండనీ. వచ్చి చూస్తే లేకుంటే ఎట్ల?"

నాలుగింటికి శ్రీనిధి రిపోర్టు చదివింది. "ఇక్కడ సీటు వేయొద్దని రాశారేంటండీ? పోన్లెండి, ఓ కుండీ పెట్టిస్తా."

"కుండీ కూడా వద్దు మేడం. ఖాళీగా ఉండనీయండి."

అతని ముఖం చూసి ఆమె ఇంకేమీ అడగకుండా సంతకం పెట్టింది. తిరుమలేశ్ గోడ దగ్గరికి వెళ్ళి, కోసిన కంతకు ప్లాస్టిక్ మూత పెట్టాడు. నాలుగు స్క్రూల్లో పైది ఒక్కటే బిగించాడు. వేలితో తోస్తే మూత పక్కకు జరిగేలా, మిగతా మూడూ జేబులో వేసుకున్నాడు.