చుట్టమై వెళ్ళిన ఇల్లాలు

బార్లీ అంబలి కుండ అడుగు గీకుతుంటే రూనహిల్దకు ఏడుపు రాలేదు, నవ్వొచ్చింది. పదకొండు రోజులు! అల్బి నది అవతలి నుంచి వచ్చి ఇంట్లో తిష్ఠ వేసిన ఆ ముగ్గురు చుట్టాలూ ఎవరో ఏమిటో భర్త హరివల్ద అడగనే లేదు. గుమ్మంలోకి వచ్చినవాణ్ణి కాదనకూడదు, అది తమ తెగ ధర్మం. ఆ ధర్మమంటే ఆమెకూ ప్రాణమే. మంచులో నిలబడ్డ పరాయివాణ్ణి పొయ్యి దగ్గరికి పిలిచే జాతిలో పుట్టినందుకు గర్వం కూడా. కాకపోతే పిలిచేది హరివల్ద, తిరగలి తిప్పేది తను. యుద్ధం లేని రోజుల్లో ఆయనగారు ఎలుగుబంటి తోలు మీద పడుకుని సాయంత్రానికి లేస్తాడు. లేచి, "మా ఇంటికొచ్చినవాడు ఆకలితో వెళ్ళడు" అని మీసం దువ్వుకుంటాడు. పొలం దున్నిందెవరు, బీరు కాచిందెవరు అని ఏ చుట్టమూ అడగడు.

"ఏమే, ఆ మూల మూట విప్పు," అన్నాడు హరివల్ద.

"అవి విత్తనాలు."

"చుట్టాల ముందు నా పరువు తీస్తావా?"

"వచ్చే ఏడు పిల్లలకి పరువు ఉడకేసి పెడతావా?"

అతను చెయ్యి చాచేలోపే ఆమె మూట మీద కూర్చుంది. అప్పుడు తట్టింది, ధర్మంలో రెండో సగం. ఇంట్లో తిండి అయిపోతే ఇంటివారే చుట్టాల్ని పక్కింటికి తీసుకెళ్ళి, తామూ అక్కడ విందారగించవచ్చు. ఇల్లాలు రాకూడదని ఏ పెద్దా అనలేదు.

"ఇల్లు నిండుకుంది. పద, పక్కింటికి."

"మేం వెళ్తాం. నువ్వుండు."

"పెళ్ళినాడు ఎడ్లజత, డాలు, ఈటె నా చేతికిచ్చి, కష్టంలో సగం అన్నావ్. ఈ పదకొండు రోజులూ కష్టం మొత్తం నేనే పడ్డా. విందులో సగం చాలు నాకు."

చుట్టాల్లో పెద్దాయన తలూపాడు. "అమ్మాయి మాట న్యాయంగానే ఉందయ్యా."

మూట భుజాన వేసుకుని, పిల్లల్ని ముందు నడిపించుకుంటూ వెళ్ళింది. పక్కింట్లో అందరితో పాటు బల్ల మీద కూర్చుంది.

"లోపలికెళ్ళి సాయం చెయ్యి," గొణిగాడు హరివల్ద.

"చుట్టంతో పని చేయిస్తే ఆ ఇంటికి పరువు తక్కువ."

పక్కింటి ఇల్లాలు అల్బగార్ద వేడి వేడి మాంసం తెచ్చి ముందు పెట్టింది. పెళ్ళయ్యాక ఒకరు వండి వడ్డించడం ఇదే మొదటిసారి. రూనహిల్దకు ఇప్పుడొచ్చింది ఏడుపు.

అల్బగార్ద చెవి దగ్గరికి వంగింది. "మీ ఇల్లు నిండుకోడానికి ఎన్నాళ్ళు పట్టింది వదినా?"

"పదకొండు రోజులు."

ఆమె తన కుండల వైపోసారి చూసి, ఇంకో పెద్ద ముక్క వేసింది.

"విత్తనాలు నేనూ మూటకట్టేస్తా. మిగతాది వారంలో అవగొట్టేద్దాం, గట్టిగా తిను."